ఏడుపు కాదు, రాయి

నా పెళ్లిలో నేను ఏడ్చినంత గొప్పగా మా తండాలో ఇంతవరకూ ఏ పెళ్లికూతురూ ఏడవలేదు. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు. పెనుబల్లి చుట్టుపక్కల తండాల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇప్పటికీ ఎక్కడైనా పిల్లను సాగనంపుతుంటే ముసలమ్మలు "ఏడిస్తే లాలి ఏడ్చినట్టు ఏడ్వాలె" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు నేను చచ్చిపోతున్నాను మొర్రో అంటుంటే చుట్టూ కూర్చుని రాగం బాగుందని తలలూపింది వీళ్లే.

మా లంబాడీల్లో పెళ్లికూతురు ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే సరిపోదు. అత్తగారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని, రాగం తీసి, మాటలు కట్టి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటాం. తల్లికో మాట, అన్నదమ్ములకో మాట, నీళ్లకు నడిచిన బాటకో మాట, పాలిచ్చిన బర్రెకు కూడా ఓ మాట. పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి సాయంత్రాలు కూర్చోబెట్టి పెద్దవాళ్లు నేర్పుతారు. నాకు నేర్పింది రూప్లి అవ్వ. తండాలో ఏ పెళ్లికూతురి గొంతైనా ఆమె చేతి కిందినుంచి రావలసిందే. నాతోనే ఆమెకు తిప్పలొచ్చాయి. మెడ పట్టుకోగానే నాకు నవ్వొచ్చేది. ఆమె మెడ దగ్గర పొగాకు వాసన, నాకు చక్కిలిగింత. "ఈ పిల్ల మన తండా ఇజ్జత్ తీస్తది" అని ఆమె రోజూ మా అమ్మకు చెప్పి పోయేది.

మా అమ్మ బాలికి అంతకంటే పెద్ద దిగులే ఉంది. పెళ్లికి రెండు నెలల ముందునుంచి నాకు కుడి డొక్కలో నొప్పి వస్తూ పోతూ ఉండేది. అది మిరపకాయలు కోసే కాలం. పొద్దంతా ఎండలో వంగి కోస్తాం. చేను నిండా మగవాళ్లు. మాటిమాటికీ గట్టు అవతలికి ఎలా పోతాం? అందుకని కూలికి పోయిన రోజు ఆడవాళ్లం నీళ్లే తాగేవాళ్లం కాదు. పొద్దున తాగిన చెంబెడు నీళ్లతో పొద్దుగూకేదాకా లాగేవాళ్లం. అదేదో పెద్ద తెలివి అనుకునేదాన్ని.

నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మ ఆముదం రాసి, మజ్జిగ తాగించి, "వేడి చేసింది" అనేది. ఒకరోజు వాకిట్లోనే ముడుచుకుపోయేసరికి మాత్రం నన్ను లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది.

"ఇగో లాలీ, పెళ్లయ్యేదాక ఈ సంగతి ఎవ్వరికీ తెల్వద్దు. రోగమున్న పిల్ల అని పేరు పడ్డదంటే ఎవడు చేస్కుంటడు? మీ బా ఉంటే వేరే. నేనొక్కదాన్ని, ఎక్కడని తిరుగుత?"

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ భయం నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది, దాచడం దేనికి, పెళ్లికొడుకు నాకు బాగా నచ్చాడు. పేరు హరిలాల్. కొత్తగూడెం అవతల అడవి అంచున తండా వాళ్లది. ఆర్టీసీలో కండక్టరు. చూడ్డానికొచ్చినప్పుడు రూప్లి అవ్వ అతన్ని అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగితే ఒక్కదానికీ చిరాకు పడకుండా, బస్సులో ముసలమ్మకు చెప్పినట్టు ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఈ మనిషి చెయ్యి జారిపోతే ఎలా అని నాకూ భయమేసింది. నోరు మూసుకున్నాను.

ఎనభై ఆరు ఎండాకాలంలో పెళ్లి. తంతు అంతా అయింది. సాగనంపే వేళ, మా ఆచారం ప్రకారం, ఎద్దుకు గజ్జెలు కట్టి, కొమ్ములకు రంగు పూసి తెచ్చారు. నన్ను దాని పక్కన నిలబెట్టారు. ముందుగా అమ్మ మెడ పట్టుకోవాలి. చేతులు చాచాను. వెనకనుంచి రూప్లి అవ్వ "రాగం తియ్యి, రాగం తియ్యి" అని వీపులో పొడుస్తోంది. సరిగ్గా అప్పుడు డొక్కలో మేకు దిగ్గొట్టినట్టయింది. అంతకుముందు వచ్చిన నొప్పులన్నీ దీని ముందు పసిపిల్లలు.

"యాడీ" అని అరిచాను. మా భాషలో అమ్మను అలాగే పిలుస్తాం. అంత పొడుగు రాగం మా తండాలో ఎవరూ తీసి ఉండరు.

అమ్మ నన్ను గట్టిగా వాటేసుకుని తనూ మొదలుపెట్టింది. "నా డొక్క పోతున్నదే యాడీ, నన్ను కోస్తున్నరే యాడీ" అన్నాను. రూప్లి అవ్వ పక్కామెతో, "సూసినవా, ఇది నేను నేర్పింది గాదు, సొంతంగ మాట కడుతున్నది" అంది. "నేను పాడుతలేనే, నిజంగనే సస్తున్ననే" అని అరిచాను. ఆ మాటకు ఆడవాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఎవరి పుట్టిల్లు వాళ్లకు గుర్తొచ్చింది. నేను "కోస్తున్నరే" అంటే వెనకనుంచి ఇరవైమంది "కోస్తున్నరే" అని వంత. కింద పడి పొర్లాను. "తల్లంటే ఎంత ప్రేమో పిల్లకు" అని హరిలాల్ తల్లి, మా అత్త గోరి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాంతి చేసుకున్నాను. "గుండె తరుక్కపోయి కక్కుతున్నది" అన్నారు. ఇంకేం చెయ్యమంటారు నన్ను? ప్రతి పెళ్లికూతురూ చచ్చిపోతున్నాననే ఏడుస్తుంది. అందులో నాది నిజమని ఎవరికి తడుతుంది? నొప్పి సంగతి తెలిసిన మా అమ్మకే తట్టలేదు. కూతురు పరువు నిలబెట్టిందని ఆమె ఆ ఏడుపులోనే మురిసిపోతోంది.

ఆడవాళ్ల ఏడుపు గుంపులోకి పెళ్లికొడుకు రాకూడదు. హరిలాల్ వచ్చాడు. తలపాగా చంకలో పెట్టుకుని, అందర్నీ తోసుకుంటూ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా మొహం చూశాడు, నా చెయ్యి ఎక్కడుందో చూశాడు.

"జరగండి. ఇది ఏడుపు గాదు, రాయి."

అందరూ ఫక్కున నవ్వారు. మా తండా నాయకుడు హాతీరాం మీసం దువ్వుకుంటూ, "ఏంది అల్లుడా, పిల్ల ఏడ్పు సూడలేకపోతున్నవా? ఇంక జరసేపే" అన్నాడు.

"నాయక్, దుఃఖమొస్తే మనిషి ఒక్కకాడ కూలబడ్తడు. ఈమెను సూడు. కూసుంటలేదు, పండుతలేదు, నిలబడుతలేదు. డొక్క మీదికెల్లి చెయ్యి తీస్తలేదు. ఒళ్లంత చెమట. ఇది కిడ్నీల రాయి నొప్పి."

"నీకెట్ల తెలుసు?"

గోరి అత్త వెనకనుంచి కొడుకు అంగీ పట్టి లాగుతోంది. అతను వినిపించుకోలేదు.

"నాకు నిరుడు వచ్చింది. దవాఖానాల పండుకున్న."

ఏడుపంతా టక్కున ఆగిపోయింది. ఎద్దు గజ్జెలు మాత్రం మోగుతున్నాయి.

"అంటే పిల్లగానికి రోగమున్నదని మీరు దాసిన్రు" అన్నాడు హాతీరాం.

"మరి మీ పిల్లకు లేదా? మీరు దాయలే?" అని గోరి అత్త మా అమ్మ వైపు తిరిగింది. అమ్మ మొహం చూస్తే చాలు, అందరికీ అర్థమైపోయింది. అటు వాళ్లు, ఇటు వీళ్లు లేచి నిలబడ్డారు. మాటా మాటా పెరిగింది. నేను మాత్రం ఇద్దరి మధ్య మట్టిలో పొర్లుతూనే ఉన్నాను. పంచాయితీ తర్వాత పెట్టుకోండి తల్లుల్లారా, ముందు నన్ను చూడండి అని మనసులో అందర్నీ తిట్టుకున్నాను. హరిలాల్ మాత్రం ఎవరితోనూ వాదించలేదు. నన్నెత్తి పెళ్లివారొచ్చిన లారీలో పడుకోబెట్టి, డ్రైవర్ని దవాఖానాకు పోనిమ్మన్నాడు.

లారీ కదిలేముందు గోరి అత్త వెనక తలుపు పట్టుకుని అందరూ వినేట్టు అంది.

"మగోని సంగతి వేరు. ఆడపిల్ల కడుపు కోస్తే రేపు పిల్లలు పుడ్తరో లేదో ఎవడికెరుక. రాయి దానంతటది పడితే నా కోడలు. కత్తి పడితే మీ బిడ్డ మీకే. హాతీరాం నాయక్, నువ్వే సాచ్చెం."

నాయక్ తల ఊపాడు. అమ్మ లారీ వెంట కొంతదూరం పరుగెత్తింది.

దవాఖానాలో సూది వేశారు. ఆ సూది కనిపెట్టినవాడి కాళ్లు దొరికితే కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని. ఎక్స్‌రే తీసి డాక్టరు చెప్పింది ఇంతే. రాయి జొన్నగింజంత ఉంది, కిడ్నీ నుంచి కిందికి దిగే గొట్టంలో ఉంది, నీళ్లు బాగా తాగి, బాగా నడిస్తే పడిపోవచ్చు. నెల చూద్దాం, పడకపోతే ఆపరేషన్. మూత్రం పోసినప్పుడల్లా గుడ్డలో వడగట్టి చూడమన్నాడు. కడుపు కోస్తే పిల్లలు పుట్టరా అని హరిలాల్ అడిగాడు. "దానికీ దీనికీ సంబంధమే లేదయ్యా" అన్నాడు డాక్టరు. ఆ మాట హరిలాల్ ఇంటికొచ్చి చెబితే గోరి అత్త, "ఆయన మగోడు, ఆయనకేం తెలుసు" అని కొట్టిపారేసింది.

అలా నా కాపురం మొదలైంది. రాయి పడితే ఈ ఇల్లు నాది, పడకపోతే కాదు. ఇక నీళ్లు తాగాను చూడండి. బర్రె కుడితి తాగినట్టు తాగాను. తాగితే ఊరుకుంటుందా? అరగంటకోసారి చెట్ల చాటుకు పరుగు. కొత్త కోడల్ని, అద్దాల లంగా, కొంగుకు గవ్వలూ బిళ్లలూ, కాళ్లకు కడియాలు, మోచేతుల దాకా గాజులు. నేను అడుగు తీసి అడుగు వేస్తే తండా మొత్తానికి వినబడేది. "ఇగో, లాలి పోయింది" అనేవాళ్లు. కాసేపటికి, "ఇగో, వచ్చింది." మగవాళ్లు మర్యాదగా అటు తిరిగి నిలబడేవాళ్లు. అది ఇంకా సిగ్గు. తిరిగొస్తుంటే ప్రతి ఇంటి ముందూ ఒకరు, "పడ్డదా?" లేదని తల అడ్డంగా ఊపడం, వాళ్లు "ప్చ్" అనడం. బతుకంతా నలుగురి ఎదుట మూత్రం లెక్క చెప్పడమే అయిపోయిందని ఒకరోజు కడియాలు విప్పి గోడకేసి కొట్టాను.

గోరి అత్త ఆ కడియాలు ఏరుకొచ్చి, గుడ్డపేలికలు చుట్టి, మళ్లీ నా కాళ్లకు తొడిగింది. మోత తగ్గింది. "నీ కోసం గాదు. నాకు నిద్ర పడుతలేదు" అంది.

ఆమె ఏం చేసినా అలాగే చేసేది. పొద్దున్నే ఉలవలు ఉడకబెట్టి ఆ కట్టు తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టేది. అడవి అంచుకు పోయి కొండపిండి ఆకు కోసుకొచ్చి, నూరి, రసం పిండేది. అది తాగితే రాయి అరుగుతుందని తండాలో నమ్మకం. "నా మీద ప్రేమ లేదంటవు, మల్ల ఇవన్ని ఎందుకు చేస్తవత్తా?" అని అడిగాను. నాకు నోరు ఆగదు. "నువ్వు పోతే నా కొడుక్కు ఇంకో పిల్లను యాడ వెతకాలె? నా కాళ్లు గుంజుతున్నయి" అంది.

తన రాయి బస్సు కుదుపులకే జారిపోయిందని హరిలాల్‌కు గట్టి నమ్మకం. నన్ను కూడా తన బస్సులో చివరి సీటులో కూర్చోబెట్టి కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా తిప్పుతానన్నాడు. కొత్త కోడల్ని ఒంటరిగా పంపేది లేదని అత్త కూడా ఎక్కింది, నీళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని. ఆ అడవి రోడ్డు గుంతలకు చివరి సీటులో నేను ఎగిరెగిరి పడ్డాను. గుంత వచ్చినప్పుడల్లా హరిలాల్ ముందునుంచి తిరిగి నా వైపు ఆశగా చూసేవాడు. రాయి సంగతేమో గానీ, తాగిన నీళ్లు మాత్రం ఆగలేదు.

"ఆపు" అంది అత్త. హరిలాల్ విజిల్ వేశాడు. ఆమె నాతో పాటు దిగి, తన కొంగు రెండు చేతుల్తో చాచి అడ్డం పట్టుకుంది. మళ్లీ ఎక్కాం. కొంతదూరం పోగానే మళ్లీ ఆపమంది. మూడోసారికి ఒక పెద్దమనిషి లేచి, "ఇది బస్సా, ఎడ్లబండా? నాకు కచేరీల పని ఉంది" అని గొడవపెట్టుకున్నాడు.

గోరి అత్త అతని ఎదురుగా పోయి నిలబడింది. "మా పిల్లకు కిడ్నీల రాయి ఉన్నది. నీకుంటే నువ్వు ఆపమనవా?"

ఇక అంతే. బస్సంతా నా రాయి మీద పడింది. బొజ్జయ్య అని ఒక కోయ ముసలాయన కల్లు తాగిస్తే పోతుందన్నాడు. ఒకామె అరటి దూట రసం అంది. ఇంకొకాయన తన బావమరిది రాయి గురించి మొదలుపెట్టి భద్రాచలం వచ్చినా ముగించలేదు. గొడవపెట్టుకున్న ఆ పెద్దమనిషే మంచి చాటు కనబడితే చాలు, "కండక్టర్, ఈడ ఆపు, ఈడ చెట్లు బాగున్నయి" అని తొందర పెట్టాడు. ఆ రూటులో నా మూత్రం సంగతి తెలియని మనిషి లేడు. నాకు సిగ్గుపడే ఓపిక కూడా అయిపోయి, నవ్వడం మొదలుపెట్టాను. పక్కన చూస్తే అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

బస్సులో ఆమె "మా పిల్ల" అందని నేను గమనించకపోలేదు. కానీ గొడవలో నోరు జారి ఉంటుందిలే అనుకున్నాను. ఆశ పెట్టుకుంటే తర్వాత ఏడవాల్సింది నేనే కదా.

నెల గడిచింది. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చి పోయింది. మళ్లీ ఎక్స్‌రే తీశారు. రాయి కిందికి జారింది గానీ అక్కడే బిగుసుకుంది, కిడ్నీ వాచింది, ఇక ఆగకూడదు అన్నాడు డాక్టరు. ఖమ్మంలో పెద్ద దవాఖానాకు రాసిచ్చాడు. అక్కడ చేర్చుకుని, మర్నాడే ఆపరేషన్ అన్నారు.

నాకు కత్తి భయం లేదు. నొప్పి పోతుందంటే ఎక్కడైనా కోసుకోమనేదాన్ని. నా భయం వేరు. హరిలాల్ నా మంచం పక్కన కూర్చుని, "ఎవరేమన్నా నేను నిన్ను ఇడిశిపెట్టను" అన్నాడు. నిజమే అంటున్నాడు, నాకు తెలుసు. కానీ నాయక్ ముందు అన్న మాటను కాదని, తల్లిని కాదని, తండాలో మేం ఎలా బతుకుతాం? సెలవు దొరకలేదు, సాయంత్రం బస్సుకు మళ్లీ వస్తానని డ్యూటీకి పోయాడు. అత్త బయట వరండాలో కూర్చుంది. పొద్దున్నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి మా అమ్మ వచ్చింది. ఎవరు కబురు చెప్పారో, చేతిలో చిన్న మూట. నా మంచం కిటికీ పక్కనే, వరండాలో మాట్లాడేదంతా నాకు వినబడుతోంది. అమ్మ లోపలికి రాకుండా ముందు అత్త దగ్గరే ఆగింది.

"వదినా, మాటంటే మాటే. పిల్లను తీస్కపోదామని వచ్చిన. ఆపరేషన్ మేమే చేపిచ్చుకుంటం. తప్పు నాదే. నొప్పి ఉన్నదని తెలిసి కూడ దాసిన. అది సస్తున్న అని మొత్తుకుంటే మంచిగ ఏడుస్తున్నదని సంబరపడ్డ. నేనేం తల్లిని."

నేను కిటికీ వైపు తిరిగి చూశాను. ఇద్దరూ బెంచీకి చెరో కొస కూర్చున్నారు. అమ్మ మూట ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది, ఏ రాగమూ లేకుండా. ఒక్క మాట అనవేం అత్తా అని లోపల్లోపల మొత్తుకున్నాను.

అప్పుడు సిస్టరు కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"లాలి పెనిమిటి లేడంట, తల్లి ఎవరమ్మా? ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు వేలిముద్ర పెట్టాలె."

అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది.

"నువ్వు కూసో" అంది అత్త, తను లేస్తూ. సిస్టరు దగ్గరికి పోయి బొటనవేలు చాచింది.

"నువ్వు తల్లివా?"

"అవ్."

"మరి ఆమె?"

"ఆమె గూడ తల్లే. కన్నది ఆమె. ఇంటికి తీస్కపోయేది నేను. జల్దీ పెట్టించుకో, పిల్లకు నొప్పి లేస్తది." వేలు అద్దాక కూడా సిస్టరును పోనివ్వలేదు. "డాక్టరు సారుకు చెప్పు, కోత చిన్నగ పెట్టమను. బిందె చంకల పెట్టుకునే దిక్కు వద్దను."

నేను దిండులో మొహం దాచుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. ఇక రాయి ఉంటే ఏంటి, పోతే ఏంటి అనిపించింది.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే నొప్పి లేచింది. పెళ్లి నాటి నొప్పే. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని నన్ను దొడ్డి వైపు నడిపించారు. ఒకరు డబ్బా పట్టుకున్నారు, ఒకరు కొంగు అడ్డం పట్టుకున్నారు. మంట, ఒక పోటు, ఆ తర్వాత ఏమీ లేదు. నొప్పి ఉన్న చోట ఖాళీ. గుడ్డ విప్పి చూస్తే అందులో గోధుమరంగు గింజ, ముళ్లు ముళ్లుగా.

"ఇదేనా?" అంది అత్త దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించి. "గింత దానికి రెండు తండాలు లేచినయా?"

సిస్టరు ఆ గింజను డాక్టరుకు చూపించి వచ్చింది. ఇక కోత అక్కర్లేదు, పొద్దున ఇంకో ఎక్స్‌రే తీసి ఇంటికి పంపిస్తారు, నీళ్లు మాత్రం జీవితాంతం తాగాలి అంది. మేం మళ్లీ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేను మధ్యలో. అమ్మకు ఇంకా నమ్మకం కుదరలేదు. అత్త మొహంలోకి చూడకుండా, నెమ్మదిగా అడిగింది.

"రాయి పడ్డది గద వదినా. ఇగ పిల్లను ఉంచుకుంటవా?"

అత్త తన బొటనవేలు తీసుకుపోయి అమ్మ కళ్ల ముందు పెట్టింది. నీలం సిరా ఇంకా అలాగే ఉంది.

"సూడు. రాయి పడకముందు పెట్టిన వేలు ఇది. ఇంకోసారి అడగకు."

అమ్మ ఆ వేలిని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.